కాంక్రీట్ పోతకు ఏ అచ్చు, ఏ మెషిన్? కొనే ముందు తేల్చుకోవాల్సినవి

కాంక్రీట్‌తో పేవర్లు, పూలకుండీలు, రెయిలింగ్ స్తంభాలు, గోడ పలకలు చేయాలనుకునేవాళ్లు మొట్టమొదట అడిగేది ఏ మెషిన్ కొనాలని. నన్నడిగితే అది మూడో ప్రశ్న. మొదటిది, మీ వస్తువు అచ్చులోంచి ఎటువైపుగా బయటికి వస్తుంది? రెండోది, ఒకసారి పోసిన కాంక్రీట్ ఆ అచ్చును ఎన్ని గంటలు కదలనివ్వదు? ఈ రెండూ తేలితే మెషిన్ సంగతి చాలావరకు దానంతట అదే తేలుతుంది. తేల్చుకోకుండా కొంటే, మెషిన్ ఎంత మంచిదైనా మూలన పడుతుంది.

డ్రై మిక్స్ దారి, తడి పోత దారి

డ్రై మిక్స్‌లో నీళ్లు బాగా తక్కువ. పిడికిట్లో గట్టిగా నొక్కితే ముద్ద కట్టాలి, అరచేతికి మాత్రం నీళ్లు కారకూడదు. ఈ మిశ్రమాన్ని ఇనుప అచ్చుపెట్టెలో నింపి, కింద నుంచి వైబ్రేషన్, పై నుంచి ఒత్తిడి ఇస్తారు. కొన్ని సెకన్లలో అది దట్టంగా కూరుకుపోతుంది. వెంటనే అచ్చు పైకి లేస్తుంది, ఇటుక తన కింద పెట్టిన పలక (ప్యాలెట్) మీద నిలబడుతుంది. సిమెంట్ అప్పటికి సెట్ కానే లేదు, కణాలు ఒకదాన్నొకటి బిగించి పట్టుకోవడం వల్లే ఆకారం నిలుస్తోంది. నిమిషం తిరక్కుండానే అదే అచ్చు మళ్లీ నింపడానికి సిద్ధం.

తడి పోత ఇలా కాదు. కాంక్రీట్ జారుడుగా ఉంటుంది. అచ్చులో పోసి, వైబ్రేటర్ టేబుల్ (మోటారుతో అదిరే బల్ల) మీద బుడగలు పోయేదాకా ఉంచి, పక్కన పెట్టేస్తారు. మామూలుగా మర్నాటి దాకా అచ్చు విప్పడానికి ఉండదు. చలి ఎక్కువైతే ఇంకా ఆలస్యం. రోజుకు 200 గోడ పలకలు కావాలంటే 200 అచ్చులు ఉండాలి, పగిలినవాటికి, కడగాల్సినవాటికి కలిపి ఇంకో ఇరవై. త్వరగా గట్టిపడే సిమెంట్ వాడి రోజుకు రెండుసార్లు పోయగలిగితే ఈ సంఖ్య సగానికి తగ్గుతుంది. ఆవిరి పెట్టి తొందరపెట్టేవాళ్లూ ఉన్నారు. కానీ కాంక్రీట్ లోపలి వేడి 70 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకండి. దాటితే అప్పటికి బాగానే కనిపిస్తుంది, ఆ తర్వాత ఎప్పుడో తేమ తగిలి లోపల ఎట్రింగైట్ అనే స్ఫటిక పదార్థం ఏర్పడి, ఉబ్బి పగిలే ప్రమాదం ఉంది.

ఇంతవరకు చదివితే డ్రై మిక్స్ మెషినే లాభం అనిపిస్తుంది. దాని పరిమితి ఆకారంలో ఉంది. అచ్చు నిలువునా పైకి జారాలి కాబట్టి పై నుంచి కింది దాకా పక్కల కొలత ఒకేలా ఉండాలి. హాలో బ్లాక్, పేవర్, రోడ్డు అంచున పెట్టే కర్బ్ రాయి, ఇలాంటివాటికి భేష్. నడుము సన్నగా, తలా పాదం లావుగా ఉండే రెయిలింగ్ స్తంభం ఆ మెషిన్‌లో పుట్టదు. పువ్వులు చెక్కిన పలక, రాతి ఉపరితలంలా కనిపించే గోడ టైలు కూడా అంతే. నొక్కే డై ఆకారాన్ని బట్టి పై ముఖం మీద కొద్దిపాటి డిజైన్ వస్తుంది గానీ, సన్నని గీతలు ఆ పొడి మిశ్రమంలో దిగవు. దగ్గరగా చూస్తే ముఖం కాస్త గరుగ్గానే ఉంటుంది.

ఇంకో ఖర్చు ముందుగా ఎవరూ చెప్పరు. అచ్చు ఖాళీ అయినా, ఆ పచ్చి ఇటుక మర్నాటి దాకా కదలకూడదు కదా. కాబట్టి అది కూర్చున్న పలక ఖాళీ కాదు. తడి పోతలో అచ్చుల లెక్క ఎంత ముఖ్యమో డ్రై మిక్స్‌లో పలకల లెక్క అంత ముఖ్యం. గంటకు ఎన్నిసార్లు కొడుతుందో చూసి మెషిన్ కొని, మధ్యాహ్నానికే పలకలు అయిపోయి చేతులు కట్టుకుని కూర్చునే యూనిట్లు తక్కువేం కాదు. నేల మీదే ఇటుకలు వదులుతూ ముందుకు కదిలే మెషిన్‌కు పలకలు అక్కర్లేదు, కానీ దానికి చదునైన గట్టి నేల చాలా విశాలంగా కావాలి. నేల ఎత్తుపల్లాలుగా ఉంటే ఇటుక అడుగూ అలాగే వస్తుంది.

డ్రై మిక్స్ అచ్చుపెట్టె కూడా శాశ్వతం కాదు. ప్రతి దెబ్బకూ ఇసుక ఆ ఇనుమును ఆకురాయిలా రాస్తూనే ఉంటుంది. గోడలకూ నొక్కే డైకీ మధ్య సందు పెరిగేకొద్దీ ఇటుక అంచున రెక్కల్లా పలుచటి పొరలు వస్తాయి, కొలత మెల్లగా పెరుగుతుంది. మెషిన్ ధర అడిగేటప్పుడే అచ్చుపెట్టె ధర విడిగా అడగండి. గట్టిపరచిన ఉక్కా కాదా అన్నదీ అడగండి.

నా అంచనా సూటిగా చెప్తాను. రోజుకు వేలల్లో, ఒకటి రెండు ఆకారాలే, చూపుకంటే బలం ముఖ్యం అనుకుంటే డ్రై మిక్స్ మెషిన్. ఆకారాలు మారుతుంటాయి, ముఖం నునుపుగా కనిపించాలి, రోజుకు వందల్లో చాలు అనుకుంటే తడి పోత. మధ్యలో ఊగిసలాడేవాళ్లు తడి పోతతో మొదలుపెట్టడమే మేలు. అచ్చులు కొంచెం కొంచెంగా పెంచుకోవచ్చు, మెషిన్‌ను సగం కొనలేం.

తడి పోతకు ఏ అచ్చు?

అసలు ఎంపికంతా ఇక్కడే ఉంది.

చెక్క, ప్లైవుడ్ ఒకటి రెండు వస్తువులకు, లేదా తిన్నని అంచులున్న పెద్ద దిమ్మలకు సరిపోతాయి. కొత్త చెక్కలో ఉండే చక్కెరలు సిమెంట్ సెట్ కావడాన్ని అడ్డుకుంటాయి. అచ్చు విప్పాక ముఖం మీద పొడి రాలడానికి చాలాసార్లు అదే కారణం. కొత్త పలకకు ముందుగా సిమెంట్ పాలు పూసి ఆరబెట్టి గీకేస్తే ఆ బెడద తగ్గుతుంది. పైన ఫిల్మ్ అతికించిన ప్లైవుడ్‌కు ఇది అక్కర్లేదు. కాకపోతే కోసిన అంచులకు సీలెంట్ పట్టించకపోతే నీళ్లు పీల్చి ఉబ్బుతుంది.

ఉక్కు అచ్చు కర్బ్ రాళ్లకు, కంచె స్తంభాలకు, బరువైన వాటికి. వందల సార్లు పోసినా కొలత మారదు. బరువు ఎక్కువ, తుప్పు పడితే మరకలు వస్తువుకు అంటుతాయి, ఆకారం మార్చాలంటే మళ్లీ వెల్డింగే. బరువు తక్కువని అల్యూమినియం వైపు చూసేవాళ్లకు ఒక మాట. తడి కాంక్రీట్‌లోని క్షారం కొత్త అల్యూమినియంతో చర్య జరిపి హైడ్రోజన్ పుట్టిస్తుంది. ముఖం మీద సన్నని బుడగ గుంటలు వస్తాయి, అచ్చూ గుంటలు పడుతుంది. పూత పూసినదో, ముందుగా శుద్ధి చేసినదో అయితేనే తీసుకోండి.

ఫైబర్‌గ్లాస్ పెద్ద కుండీలకు, స్తంభాలకు, వంపులున్న ఆకారాలకు బాగా సరిపోతుంది. తేలిక, గట్టి, రెండు మూడు ముక్కలుగా చేసి బోల్టులతో బిగించవచ్చు. దాని శత్రువు సుత్తి. వస్తువు ఊడట్లేదని ఒక్క దెబ్బ వేస్తే పైనున్న నునుపు రెసిన్ పొర (జెల్‌కోట్) చిట్లుతుంది. ఆ గీత ఇక ప్రతి పోతలోనూ కనిపిస్తుంది. మామూలు పాలియెస్టర్ రెసిన్‌ను సిమెంట్ క్షారం మెల్లగా తింటుంది. లోపలి పొర వినైల్ ఎస్టర్ రెసిన్‌ది అయితే ఎక్కువ కాలం వస్తుంది.

ఇక రబ్బర్ అచ్చులు. లోపలికి తిరిగిన అంచులు, రాతి పగుళ్లు, చెక్కిన బొమ్మలు ఉన్నప్పుడు గట్టి అచ్చు ఊడదు, వంగి వచ్చేది కావాలి. ఇక్కడ పాలీయురెథేన్, సిలికాన్ రెండూ పోటీ పడతాయి. సిలికాన్ అంటుకోదు, ఆయిల్ లేకుండానే ఊడుతుంది, వెంట్రుకంత గీతనూ పట్టుకుంటుంది. కానీ కాంక్రీట్ రాపిడికి, క్షారానికి త్వరగా అరుగుతుంది, చిన్న కోత పడితే అక్కణ్నుంచి చిరిగిపోతుంది. పాలీయురెథేన్ రాపిడికి బాగా ఓర్చుకుంటుంది. ప్రతి పోతకూ ముందు రిలీజ్ ఏజెంట్ (వస్తువు అచ్చుకు అంటుకోకుండా పూసేది) పూయడం మాత్రం తప్పదు. ఆ పూత కూడా రబ్బర్‌కు సరిపడేదే ఉండాలి. డీజిల్, వాడేసిన ఇంజిన్ ఆయిల్ లాంటివి పూస్తే రబ్బర్ ఉబ్బి కొలత తప్పుతుంది. రోజూ పోసే పనికైతే నా ఓటు పాలీయురెథేన్‌కే. సిలికాన్‌ను తక్కువ సంఖ్యలో చేసే అలంకార వస్తువులకు, నమూనా కాపీలకు ఉంచుకోండి.

రబ్బర్ అచ్చును మీరే చేసుకుంటుంటే ఇంకో రెండు సంగతులు. పాలీయురెథేన్ రసాయనానికి తేమ పడదు. తడిగా ఉన్న ప్లాస్టర్ లేదా చెక్క నమూనా మీద పోస్తే నురగలా బుడగలు పడతాయి. నమూనాను పూర్తిగా ఆరబెట్టి సీల్ చేయాలి. ప్లాటినం ఉత్ప్రేరకంతో గట్టిపడే రకం సిలికాన్‌కు గంధకం పడదు. గంధకం ఉన్న మోడలింగ్ క్లే మీద పోస్తే ఆ తాకిన పొర ఎన్నాళ్లైనా జిగురుగానే ఉండిపోతుంది. దేని మీద పోస్తున్నా ఓ మూల కొద్దిగా పోసి చూసుకున్నాకే మొత్తం పోయండి. ఆ డబ్బా ఖరీదైనది.

షీట్‌ను కాచి పీల్చే అచ్చులు

పేవర్లకు, టైళ్లకు బాగా దొరికేవి ప్లాస్టిక్ అచ్చులు. పాలీప్రొపిలీన్ అచ్చులు దెబ్బలకు ఓర్చుకుంటాయి. ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ అచ్చులో పోసిన టైలు అద్దంలా మెరుస్తుంది, అయితే ఎండలో పడేస్తే ఆ ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. ఆ మెరుపు చూసి మురిసిపోయే కొనుగోలుదారుకు ముందే చెప్పేయండి: ఆరుబయట ఎండావానా తగిలితే కాలం గడిచేకొద్దీ అది తగ్గుతుంది.

మార్కెట్లో దొరికే డిజైనే మీకూ చాలనుకుంటే రెడీమేడ్ అచ్చులు కొనడమే సులువు. సొంత డిజైన్ వందల అచ్చుల్లో కావాలంటే మాత్రం వాక్యూమ్ ఫార్మింగ్ మెషిన్ గురించి ఆలోచించాలి. పని తీరు తేలికే. ప్లాస్టిక్ షీట్‌ను ఫ్రేములో బిగించి హీటర్ కింద మెత్తబడేదాకా వేడి చేస్తారు. ఏబీఎస్ అయితే సుమారు 150 నుంచి 180 డిగ్రీలు. దాన్ని నమూనా మీదకు దించి, నమూనాలోని సన్నని రంధ్రాల గుండా గాలిని పీల్చేస్తారు. బయటి గాలి ఒత్తిడే షీట్‌ను నమూనాకు అతికిస్తుంది. చల్లారాక ఊడదీసి అంచు కోస్తే అచ్చు తయారు. అంటే ఒకే నమూనాతో కావలసినన్ని అచ్చులు. తడి పోతలో అచ్చులే ఉత్పత్తికి హద్దు కాబట్టి, అచ్చులు ఇంట్లోనే పుట్టించుకోవడం పెద్ద బలం. ఒకటి పగిలితే సాయంత్రానికి ఇంకొకటి.

దీని పరిమితిని చిన్న లెక్కతో చూడొచ్చు. 40 సెంటీమీటర్ల చదరపు టైలు, లోతు 5 సెంటీమీటర్లు అనుకుందాం. అడుగు విస్తీర్ణం 1600 చదరపు సెంటీమీటర్లు, నాలుగు గోడలూ కలిపి 800. అంటే 1600 చదరపు సెంటీమీటర్ల షీట్ 2400కు సాగాలి. 3 మిల్లీమీటర్ల షీట్ సగటున 2 మిల్లీమీటర్లకు పలచబడుతుంది, మూలల్లో ఇంకా తక్కువ. ఫర్వాలేదు, పని జరుగుతుంది. అదే కొలతలో 40 సెంటీమీటర్ల లోతు కుండీ చేద్దామంటే గోడలే 6400, మొత్తం 8000. అదే షీట్ సగటున 0.6 మిల్లీమీటర్లకు వచ్చేస్తుంది. కాంక్రీట్ పోస్తే సంచిలా ఉబ్బుతుంది. లోతు పెరిగితే వాక్యూమ్ ఫార్మింగ్ మానేసి ఫైబర్‌గ్లాస్ వైపు వెళ్లాల్సిందే. అమ్మేవాళ్లు ఈ లెక్క చెప్పరు, మెషిన్ బెడ్ కొలత మాత్రమే చెప్తారు.

ఈ మెషిన్ ఎంచుకునేటప్పుడు హీటర్ షీట్ అంతటా సమంగా వేడి ఇస్తుందా, మూలలకు విడి కంట్రోల్ ఉందా చూడండి. వాక్యూమ్ పంప్ ఒక్కటే కాక, ముందుగా గాలి తీసి ఉంచుకునే ట్యాంక్ ఉండాలి. షీట్ చల్లబడేలోపే ఒక్కసారిగా పీల్చాలి మరి. నమూనా గోడలకు కనీసం 3 డిగ్రీల వాలు ఇవ్వండి. గాలి రంధ్రాలు మిల్లీమీటర్ కంటే సన్నగా ఉండాలి, లేకపోతే వాటి గుర్తులు ప్రతి టైలు మీదా మొటిమల్లా తేలతాయి. ఏబీఎస్ షీట్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, ఆరబెట్టకుండా వేడి చేస్తే లోపల బుడగలు లేస్తాయి. చల్లారాక అర శాతం మేర కుంచించుకుంటుంది కాబట్టి 40 సెంటీమీటర్ల నమూనాకు సుమారు 2 మిల్లీమీటర్లు కలపాలి. ఒకదాని పక్కన ఒకటి పరిచే టైళ్లలో ఆ 2 మిల్లీమీటర్లు వరస మొత్తాన్ని తప్పిస్తాయి.

పలుచటి అచ్చులోంచి టైలు ఊడకపోతే గుంజకండి. అచ్చుతో సహా కాసేపు వెచ్చని నీళ్లలో ఉంచండి. వేడికి ప్లాస్టిక్ కాంక్రీట్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది, పట్టు దానంతట అదే వదులుతుంది.

ఎత్తైనవి, బోలుగా ఉండేవి

తడి కాంక్రీట్ ఘనమీటరు బరువు సుమారు 2400 కిలోలు. మీటరు ఎత్తున్న స్తంభాన్ని నిలబెట్టి పోస్తే అడుగున చదరపు మీటరుకు 2.4 టన్నుల తోపుడు. అచ్చు ఏదైనా ఈ బరువు తట్టుకోవాలి. రబ్బర్ అచ్చుకు చుట్టూ ఫైబర్‌గ్లాస్ లేదా ప్లాస్టర్ కవచం ఎందుకంటే ఇందుకే. అచ్చు ధర చెప్పేటప్పుడు కవచం కలిపారో లేదో అడగండి, చాలాసార్లు కలపరు.

కుండీలకు వచ్చే ఇబ్బంది లోపలి అచ్చుతో. కాంక్రీట్ గట్టిపడుతూ కొద్దిగా కుంచించుకుంటుంది. బయటి అచ్చును వదిలేస్తుంది, లోపలి దాన్ని మాత్రం పిడికిలిలా పట్టేస్తుంది. లోపలి అచ్చుకు వాలు బాగా ఉండాలి, లేదా ముక్కలుగా విడిపోవాలి, లేదా మెత్తటి రబ్బర్‌ది కావాలి. దాన్ని బయటి అచ్చు కంటే ముందే తీసేయాలి. ఆలస్యం చేస్తే కుండీ అంచు నుంచి నిలువు పగులు ఇస్తుంది.

కుండీ గోడ మందం కూడా అచ్చును మారుస్తుంది. కాంక్రీట్ కుండీలకు ఇనుప తీగ అల్లి 1867లో పేటెంట్ తీసుకున్న ఫ్రెంచ్ తోటమాలి జోసెఫ్ మోనియే దారిలోనే ఇప్పటికీ చాలామంది వెళ్తున్నారు. తీగ తుప్పు పట్టకుండా ఉండాలంటే రెండు వైపులా చాలినంత కాంక్రీట్ కప్పి ఉండాలి. అంటే గోడ 5 సెంటీమీటర్లకు తగ్గదు, కుండీ బరువెక్కుతుంది. క్షారాన్ని తట్టుకునే గాజు పీచు కలిపిన సిమెంట్ మిశ్రమమైతే 10 నుంచి 15 మిల్లీమీటర్ల గోడ చాలు. దీన్ని బయటి అచ్చు లోపలి గోడకు స్ప్రే చేసి రోలర్‌తో అదుముతారు. లోపలి అచ్చు అవసరమే ఉండదు, ఫైబర్‌గ్లాస్ అచ్చు ఒక్కటి చాలు. పెద్ద కుండీలే మీ వ్యాపారమైతే, పోత పరికరాలు కొనేముందు ఈ దారి తప్పకుండా చూడండి.

వైబ్రేటర్ టేబుల్ గురించి రెండు మాటలు. నిమిషానికి 3000 చుట్లు తిరిగే మామూలు మోటార్లు చిన్న అచ్చులకు సరిపోతాయి, కదలిక ఎక్కువ దూరం ఉండకూడదు. టేబుల్ పైన ఇసుక చల్లి ఆన్ చేయండి, ఒక మూలకు పోగైతే అదురు సమంగా లేనట్టు. కొత్తదైనా అది వద్దు. బుడగలు రావడం ఆగి పైముఖం తడిగా మెరిస్తే ఆపేయాలి. ఇంకా నడిపితే కంకర కిందికి, సిమెంట్ పాలు పైకి విడిపోతాయి.

ధర దగ్గర జాగ్రత్త

ఇళ్లకు ఇళ్లే ఒక్క పోతలో పోసేయాలని థామస్ ఎడిసన్ 1908లో పేటెంట్‌కు దరఖాస్తు చేశాడు, 1917లో వచ్చింది. కొన్ని ఇళ్లు కట్టారు కూడా. కానీ ఒక్క ఇంటి అచ్చుకే రెండు వేలకు పైగా ఇనుప భాగాలు కావాలి. మొదటి ఇల్లు లేవక ముందే కాంట్రాక్టర్ అంత డబ్బు అచ్చుల మీద పెట్టాలి. ఆ ఆలోచన ముందుకు సాగకపోవడానికి ఇదో పెద్ద కారణం. చిన్న యూనిట్‌కూ లెక్క ఇదే: అచ్చు మొత్తం ధరను, అది పోసి ఇచ్చే వస్తువుల సంఖ్యతో భాగించండి. ఆయిల్, కడగడం, అచ్చు విప్పే మనిషి సమయం కలపండి. వందసార్లు వచ్చే చవక అచ్చు, వెయ్యిసార్లు వచ్చే ఖరీదు అచ్చు కంటే ఒక్కో వస్తువుకు ఎక్కువ పడొచ్చు. అయితే ఆ వెయ్యి అమ్ముడవుతాయని తెలియనప్పుడు చవక అచ్చే తెలివైన బేరం.

డబ్బు కట్టేముందు అమ్మేవాళ్ల మిశ్రమంతో కాకుండా మీ ఇసుక, మీ కంకర, మీ సిమెంట్‌తో పోసి చూపించమనండి. తడి పోత అయితే 10 కిలోల సిమెంట్‌కు నాలుగు, నాలుగున్నర లీటర్ల నీళ్లు దాటకుండా, జారుడు తగ్గితే ప్లాస్టిసైజర్‌తో (నీళ్లు పెంచకుండానే జారుడు పెంచే రసాయనం) సరిచేసుకుని పోయాలి. నీళ్లు ఎక్కువ పోస్తే ఏ అచ్చులోనైనా అందంగా నిండుతుంది, పరీక్ష చెల్లదు. మర్నాడు విప్పేటప్పుడు మీరు అక్కడ ఉండండి. ఎంతసేపు పట్టింది, ఎన్ని అంచులు విరిగాయి, ముఖం మీద సూది బెజ్జాలు ఎన్ని, రెండు అచ్చుల్లో వచ్చిన వస్తువుల కొలత ఒకటేనా, ఇవన్నీ టేపు పెట్టి రాసుకోండి. అచ్చులు వేరేవాళ్లతో చేయించుకుంటుంటే, మాస్టర్ నమూనా మీకే అప్పగించాలని ఆర్డర్ కాగితం మీదే రాయించుకోండి.